బాల్కనీ నెట్ల షాపు నాది, డిజిటల్ మార్కెటింగ్ ఎక్కడ మొదలుపెట్టి నేర్చుకోవాలి?

అక్కయ్యపాలెం నెట్స్:

అందరికీ నమస్కారం. వైజాగ్ అక్కయ్యపాలెంలో చిన్న షాపు మాది. పావురాలు రాకుండా బాల్కనీలకు నెట్లు కడతాం, కిటికీలకు దోమల మెష్ ఫ్రేములు చేస్తాం. నాతో కలిపి నలుగురం. ఇన్నాళ్లూ పనంతా నోటిమాట మీదే నడిచింది, ఒక ఫ్లాట్‌కి కడితే వాచ్‌మన్ చెప్పి అదే అపార్ట్‌మెంట్‌లో ఇంకో రెండు మూడు వచ్చేవి. ఇప్పుడు మధురవాడ, పీఎం పాలెం, కొమ్మాది వైపు ఎక్కడ చూసినా కొత్త అపార్ట్‌మెంట్లే, కానీ అక్కడ మనల్ని ఎరిగినవాళ్లు లేరు. జనం ఫోన్ తీసి గూగుల్‌లో కొట్టి పైన ఎవరు కనబడితే వాళ్లని పిలిచేస్తున్నారు, హైదరాబాద్ నంబర్లు పెట్టుకుని ఇక్కడ కూలీలతో పని చేయించేవాళ్లు కూడా మాకంటే పైన ఉంటున్నారు.

ద్వారకానగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లి అడిగితే 3 నెలల కోర్సు, 40 వేలు అన్నారు. సిలబస్ కాగితంలో ఎస్ఈఓ, ఈమెయిల్ మార్కెటింగ్, అఫిలియేట్ మార్కెటింగ్, ఇంకా ఏవేవో ఉన్నాయి. ఇంకోపక్క రోజుకొకడు ఫోన్ చేసి "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం సార్, ఫస్ట్ పేజీలో నంబర్ వన్‌లో పెడతాం" అంటున్నాడు. కోర్సులో చేరాలా, ఎవరికైనా అప్పగించాలా, సొంతంగా నేర్చుకోవచ్చా? ఇంటర్ వరకు చదివాను, ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది. రాత్రి 9 దాటాక తీరిక దొరుకుతుంది.

గాజువాక బుల్లోడు:

గురువుగారూ, ముందు ఆ ఫోన్ల సంగతి. గూగుల్ వాళ్లు ఎవరికీ నంబర్ వన్ గ్యారంటీ ఇవ్వరు, ఎవరూ ఇవ్వలేరని వాళ్లే రాసి పెట్టారు. కట్ చేసేయండి.

ఇక కోర్సు. ఉద్యోగం కావాల్సిన కుర్రాడికి ఆ సిలబస్ సరిపోతుంది, మీకు అందులో ముప్పావు వంతు అక్కర్లేదు. మీ కస్టమర్ ఎప్పుడు మీ కోసం వెతుకుతాడో ఒకసారి ఆలోచించండి. రీల్స్ చూస్తూ చూస్తూ "అబ్బ, నెట్ ఎంత బాగుందో, కట్టించుకుందాం" అని ఎవడూ అనుకోడు కదా. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ మీద పావురం గూడు పెట్టి, ఆరేసిన బట్టలన్నీ పాడు చేసిన రోజున వాళ్లావిడ తిడితే ఫోన్ తీస్తాడు. చీరలు, కేకులు, మగ్గం వర్క్ అమ్మేవాళ్లకి ఇన్‌స్టాగ్రామ్ ముందు, ఎందుకంటే అవి చూస్తేనే కొనాలనిపిస్తుంది. మీది అవసరం పడితే వెతికే సరుకు, కాబట్టి గూగుల్ ముందు. మిగతావన్నీ ఏడాది తర్వాత చూసుకోవచ్చు.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (మ్యాప్స్‌లో షాపు పేరు, ఫోన్, ఫోటోలు, రివ్యూలు కనబడే పేజీ) ఉందా? ఇదివరకు గూగుల్ మై బిజినెస్ అనేవారు, 2021లో పేరు మార్చారు. పైసా ఖర్చు లేదు. వెరిఫికేషన్‌కి ఎక్కువగా వీడియో అడుగుతున్నారు: వీధి, షాపు బోర్డు, లోపల నెట్ రోల్స్, డ్రిల్లింగ్ మెషిన్, మీరే తాళం తీసి లోపలికి వెళ్లడం, అంతా ఎడిటింగ్ లేకుండా ఒకే షాట్‌లో తీయాలి. లోకల్ రిజల్ట్స్‌లో ఎవరు పైకి వస్తారన్నదానికి గూగుల్ చెప్పేవి మూడే: వెతికినదానికి మీ పని ఎంత సరిపోతోంది, వెతికేవాడికి మీరు ఎంత దూరం, మీకు ఎంత పేరుంది. మూడోదాంట్లో రివ్యూలు కూడా లెక్కే. పని అయిపోయి డబ్బులు తీసుకునేటప్పుడే వాట్సాప్‌లో రివ్యూ లింక్ పంపండి, రేపు అడుగుదాంలే అంటే ఇక రాదు. రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తాననొద్దు, అది రూల్స్‌కి విరుద్ధం.

ఇక్కడ ఒక చిక్కుంది. షాపు అక్కయ్యపాలెంలో, మీ కన్ను కొమ్మాది మీద. ప్రొఫైల్‌లో సర్వీస్ ఏరియాలు 20 దాకా పెట్టుకోవచ్చు, పెట్టండి, కానీ అవి పెట్టినంత మాత్రాన కొమ్మాదిలో వెతికేవాడికి మీరు పైకి రారు, దూరం దూరమే. సీతమ్మధార, దొండపర్తి, తాటిచెట్లపాలెం వరకు ప్రొఫైల్‌తో నెట్టుకురావచ్చు, కొమ్మాది వైపుకి యాడ్స్ తప్పవు.

పీఎం పాలెం ఫ్లాట్:

నేను మార్కెటింగ్ మనిషిని కాదు, మీ కస్టమర్ని. మొన్న వేసవిలో దోమల మెష్ కోసం నేను ఎలా వెతికానో చెప్తాను, పనికొస్తుందేమో. గూగుల్ మ్యాప్స్‌లో కొట్టాను, నిజమైన ఫోటోలు లేనివాళ్లని వదిలేశాను (ఇంటర్నెట్‌లోంచి దింపిన ఫారిన్ బాల్కనీ ఫోటోలు చూడగానే తెలిసిపోతాయి, ఆ బయట కనబడే చెట్లు మన చెట్లు కావు). ముగ్గురికి ఫోన్ చేశాను. ఒకాయన ఎత్తలేదు. ఒకాయన "ఇంటికొచ్చి చూస్తేనే రేటు" అన్నాడు. మూడో ఆయన కిటికీ ఫోటో, కొలతలు పంపమని అడిగి చదరపు అడుగుకి ఎంతో చెప్పి, పక్క వీధిలో చేసిన పని వీడియో పంపాడు. పని ఆయనకే ఇచ్చాను. వెబ్‌సైట్ ఒక్కటీ తెరవలేదు.

ఇంకొకటి. మా చెల్లెలు వాళ్లు సాగర్‌నగర్‌లో ఉంటారు, సముద్రపు గాలికి నెట్ హుక్కులు తుప్పు పట్టి గోడ మీద ఎర్రగా కారిపోయింది. మీరు స్టెయిన్‌లెస్ స్టీల్ హుక్కులు వాడుతున్నట్టయితే ఆ మాట ఫోటోతో సహా ఎందుకు పెట్టరండీ? బీచ్ వైపు ఉండేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే.

నెట్ కాని నెట్:

పై ఇద్దరూ బాగా చెప్పారు, నేను యాడ్స్ గురించే చెప్తాను. మా బావగారిది మీలాంటి వ్యాపారమే, ఆయన గూగుల్ యాడ్స్ నేను చూస్తుంటాను.

అకౌంట్ తెరవగానే గూగుల్ మీ చేత తొందరగా డబ్బు కట్టించాలని చూస్తుంది, అన్నిటికీ ముందే టిక్కులు పెట్టి ఉంచుతుంది. డిస్‌ప్లే నెట్‌వర్క్ టిక్ తీసేయండి, లేకపోతే మీ యాడ్ ఎక్కడెక్కడి సైట్లలోనో తిరుగుతుంది. లొకేషన్ దగ్గర "ఆ ఊళ్లో ఉన్నవాళ్లు లేదా ఆసక్తి ఉన్నవాళ్లు" అని ఉంటుంది, "ఉన్నవాళ్లు" ఒక్కటే ఉంచండి. భాష ఎంచుకోమని అడిగితే తెలుగు ఒక్కటే పెట్టకండి, మనవాళ్ల ఫోన్లలో చాలావరకు ఇంగ్లీషే ఉంటుంది, రెండూ పెట్టండి. మ్యాప్ మీద పెద్ద వృత్తం గీయొద్దు. వైజాగ్‌లో ఎక్కడ గీసినా సగం బంగాళాఖాతంలో పడుతుంది. చేపలు క్లిక్ చేయవులెండి, దానివల్ల డబ్బు పోదు, కానీ రెండో సగంలో మీరు వెళ్లని పెందుర్తి, సబ్బవరం కలిసిపోతాయి. మధురవాడ దగ్గర ఒకటి, ఎండాడ దగ్గర ఒకటి చిన్న చిన్నవి గీసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. "నెట్" అన్న మాట మీకు శత్రువు. బావగారి అకౌంట్‌లో కీవర్డ్స్ (జనం ఏ మాట కొడితే యాడ్ రావాలో ఆ మాటలు) బ్రాడ్ మ్యాచ్‌లో, అంటే కాస్త సంబంధం ఉన్నా యాడ్ వచ్చేసేలా, పెట్టి వదిలేసి ఉన్నాయి. సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ (జనం నిజంగా ఏం కొడితే యాడ్ వచ్చిందో చూపే జాబితా) తెరిచి చూద్దును కదా, యూజీసీ నెట్ కోచింగ్ వైజాగ్, నెట్ ఎగ్జామ్ డేట్, ఫిషింగ్ నెట్ షాప్, మంచానికి కట్టే దోమతెర, ఇంటర్నెట్ కనెక్షన్! పీహెచ్‌డీ చేద్దామనుకునే పిల్లలంతా ఆయన డబ్బుతో పావురాల వల పేజీ చూసి వెళ్లారు. కోచింగ్, ఎగ్జామ్, ఫిషింగ్, బెడ్, బ్రాడ్‌బ్యాండ్, జాబ్స్, అన్నీ నెగటివ్ కీవర్డ్స్‌లో వేశాం, ఆ మాటలుంటే ఇక యాడ్ రాదు. మీరైతే మొదటి నుంచే కీవర్డ్‌ని కొటేషన్ మార్కుల్లో పెట్టండి, అది ఫ్రేజ్ మ్యాచ్, ఆ మాటల అర్థం ఉన్న వెతుకులాటలకే యాడ్ వస్తుంది. చదరపు బ్రాకెట్లలో పెడితే ఎగ్జాక్ట్, ఇంకా బిగుతు. వారానికి ఒక రాత్రి ఆ రిపోర్ట్ ముందు కూర్చుంటే చాలు, ఏ కోర్సూ చెప్పనంత అది చెబుతుంది, మీ ఊరి జనం మీ సరుకుని ఏ మాటతో అడుగుతున్నారో అక్షరం పొల్లుపోకుండా అందులో ఉంటుంది.

ఫోన్ ఎత్తగలిగే వేళల్లోనే యాడ్ నడిచేలా షెడ్యూల్ పెట్టండి. డ్రిల్లింగ్ మోతలో మిస్ అయిన కాల్‌కి కూడా క్లిక్ డబ్బులు పోతాయి. రోజు బడ్జెట్ 300 అని పెడితే ఒక్కోరోజు 600 దాకా లాగుతుంది, కంగారు పడొద్దు, నెల మొత్తం మీద రోజు బడ్జెట్‌కి 30.4 రెట్లు దాటదు. దాని మీద 18 శాతం జీఎస్టీ వేరే, అది మర్చిపోయి బడ్జెట్ వేసుకుంటే నెలాఖరున టెన్షన్.

అక్కయ్యపాలెం నెట్స్:

చాలా థాంక్స్ అండి. మేము మొదటి నుంచి ఎస్ఎస్ హుక్కులే, అది చెప్పుకోవాల్సిన సంగతని ఎప్పుడూ తట్టలేదు. యాడ్స్ గురించి చదువుతుంటే కొంచెం భయంగానే ఉంది. తెలిసిన ఏజెన్సీ ఒకటి నెలకి 8 వేలు ఇస్తే వాళ్ల అకౌంట్‌లోంచే నడుపుతామంటున్నారు, ఆరు నెలలు వాళ్లకిచ్చి ఈలోపు నేను నేర్చుకుంటే?

మాధవధార మేడమ్:

ఏజెన్సీకి ఇవ్వండి, తప్పు లేదు, కానీ "వాళ్ల అకౌంట్‌లోంచి" అన్న మాట దగ్గర ఆగండి. మా అన్నయ్య క్యాటరింగ్‌కి ఇలాగే ఒక ఏజెన్సీ నడిపింది, మాట తేడా వచ్చి మానేసేసరికి యాడ్స్ చరిత్ర, సెర్చ్ టర్మ్స్, చివరికి మ్యాప్స్ ప్రొఫైల్ కూడా వాళ్ల మెయిల్ కిందే ఉండిపోయాయి. రివ్యూలున్న ప్రొఫైల్‌ని వెనక్కి తెచ్చుకోవడానికి రిక్వెస్టులు పెట్టుకుంటూ తిరిగాడు పాపం. మీ జీమెయిల్‌తో మీరే అకౌంట్ తెరిచి, డబ్బు కట్టడానికి మీ సొంత కార్డే పెట్టి, వాళ్లకి యాక్సెస్ మాత్రం ఇవ్వండి. రేపు వద్దనుకుంటే ఒక్క నొక్కుతో తీసేయొచ్చు. దీనికి ఒప్పుకోకపోతే వాళ్లు ఎంత తెలిసినవాళ్లైనా వద్దు.

కోర్సుల మీద పైన రాసిన గాజువాక తమ్ముడంత కోపం నాకు లేదు. కొంతమందికి ఎవరైనా ఎదురుగా కూర్చోబెట్టి చెబితేనే బుర్రకెక్కుతుంది. అయితే 40 వేలు పెట్టే ముందు గూగుల్ వాళ్ల పాఠాల సైట్ స్కిల్‌షాప్‌లో సెర్చ్ యాడ్స్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి, ఇంగ్లీషులో చదవగలనన్నారు కదా, అవి చూడండి. చివర్లో పరీక్ష రాస్తే సర్టిఫికెట్ కూడా ఇస్తారు, మీకు అది గోడకి తగిలించుకోవడానికి తప్ప పనికిరాదనుకోండి. అలాగే గూగుల్ యాడ్స్ ట్రాన్స్‌పరెన్సీ సెంటర్ అని ఉంది, అందులో వేరే కంపెనీ పేరు కొడితే వాళ్లు ఏ యాడ్స్ నడుపుతున్నారో కనబడతాయి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లకి మెటా యాడ్ లైబ్రరీ. ఆ హైదరాబాద్ నంబర్ల వాళ్లు ఏం రాస్తున్నారో ముందు అక్కడ చదవండి.

ఒక నోట్‌బుక్ పెట్టి ఫోన్ చేసిన ప్రతివాళ్లనీ "మా నంబర్ ఎక్కడ దొరికిందండీ" అని అడిగి రాసుకోండి. ఏజెన్సీ పంపే రంగురంగుల రిపోర్ట్‌ని దాని పక్కన పెట్టి చూస్తే నిజం తేలుతుంది.

అక్కయ్యపాలెం నెట్స్:

సరేనండి, అకౌంట్ నా పేరు మీదే తెరుస్తాను. ఒక్క చివరి డౌట్. మ్యాప్స్‌లో షాపు పేరు పక్కన "బెస్ట్ పీజియన్ నెట్స్ మధురవాడ" అని కలిపేస్తే త్వరగా పైకి వస్తామని మా తమ్ముడు అంటున్నాడు. కలపొచ్చా?

గాజువాక బుల్లోడు:

వద్దు. బోర్డు మీద ఏ పేరుందో అదే ఉండాలి. అలా కలిపినవాళ్లు కొన్నాళ్లు పైన కనబడతారు నిజమే, ఎవడో పోటీవాడు రిపోర్ట్ కొడితే ప్రొఫైల్ సస్పెండ్ కావొచ్చు, అప్పుడు తిరిగి తెచ్చుకునేదాకా రివ్యూలు కూడా కనబడవు. "పీజియన్ నెట్స్" అన్నది సర్వీసుల లిస్టులో రాయండి, ఫోటోలు ఎక్కించండి. మీ తమ్ముడికి ఆ ఫోటోల పని అప్పజెప్పండి, ఖాళీగా ఉన్నట్టున్నాడు.