‘చక్రిన్ గిక్రిన్’: హిరణ్యకశిపుడు అడిగింది రుజువేనా?

ప్రశ్న: హన్మకొండలో మా మిత్రుల మధ్య వాదం నడుస్తోంది. హిరణ్యకశిపుడు రుజువు అడిగాడు, తప్పేముందని ఒకరు. దేవుడి విషయంలో రుజువు అడగడమే తప్పని ఇంకొకరు. ఈ స్తంభంలో చక్రిని, అంటే విష్ణువును, చూపగలవా అని అతను కొడుకు ప్రహ్లాదుణ్ణి అడిగే పోతన పద్యం ఇది. మీరేమంటారు?

డింభక! సర్వస్థలముల
నంభోరుహనేత్రుఁ డుండు ననుచు మిగుల సం
రంభంబునఁ బలికెద వీ
స్తంభంబునఁ జూపఁగలవె చక్రిన్ గిక్రిన్

జవాబు: అడగడమే తప్పయితే గజేంద్రుడి సంగతేమిటి? ‘కలఁ డందురు’ అని లోకం మాటను మూడుసార్లు తలచుకుని, ‘కలఁడు కలండనెడివాఁడు కలఁడో లేఁడో’ అని అనుమానపడ్డాడు. బమ్మెర కవి ఆ ఏనుగును తిట్టలేదు సరికదా, మోక్షం ఇప్పించాడు. ప్రహ్లాదుడు కూడా అడగవద్దనలేదు. ‘నేఁడు గానఁబడుఁ బ్రత్యక్షస్వరూపంబునన్’ అని తండ్రి పెట్టిన పరీక్షకు ఒప్పుకున్నాడు.

నన్నడిగితే చిక్కంతా ‘గిక్రిన్’తోనే. అన్నం గిన్నం, చాయ్ గీయ్ అని రోజూ అంటాం. అక్కడ ‘వగైరా’ అనే అర్థం తప్ప ఎగతాళి లేదు. ఎదుటివాడు కళ్లకద్దుకునే పేరుకు తగిలిస్తేనే ముల్లవుతుంది. మేడారం జాతర రోజుల్లో తక్కెడలో ఒకవైపు పిల్లవాడిని కూర్చోబెట్టి, రెండోవైపు బెల్లం ముద్దలు పేరుస్తారు. ఆ బెల్లాన్ని బంగారం అంటారు. విగ్రహాలు లేని గద్దెల దగ్గర అమ్మలకు సమర్పిస్తారు. ఆ తూకం చూస్తూ ‘బంగారం గింగారం’ అన్న చదువుకున్న పెద్దమనిషిని నేను చూశాను. ఎందుకలా పిలుస్తారని ఆయన ఎవరినీ అడగలేదు. భక్తులూ తక్కువ తినలేదు లెండి. ‘సైన్సూ గీన్సూ’ అనే నోళ్లు ఎన్ని లేవు!

పైగా హిరణ్యకశిపుడు తర్వాతి పద్యంలోనే, చూపకపోతే తల తుంచుతానంటాడు. అది రుజువు కోసం అడిగే తీరేనా?

మరో సభ్యుడు: ఇంతకీ ‘గిక్రిన్’ పాదపూరణ కాదా? యతిప్రాసలు కుదరక వేసి ఉంటాడు.

జవాబు: కుదరకపోవడమేమిటి సార్! నాలుగు పాదాల్లోనూ ప్రాస సున్నాతో కూడిన భకారమే. ‘స్తం’లోని సకారానికి ‘చక్రిన్’లోని చకారంతో యతి చెల్లింది. మిగిలింది చివరి గణం ఒక్కటే, అది గురువుతో ముగిస్తే చాలు. ‘పుత్రా’ అని వేసినా సరిపోయేది. ‘డింభక’ అని ముందే పిలిచాడు కాబట్టి రెండో పిలుపు వద్దనుకున్నాడేమో. ఏమైనా అక్కడ ఎగతాళిని పెట్టింది పోతనే, ఛందస్సు బలవంతమేమీ లేదు.