మొదటి బండిగా పాత యమహా ఆర్‌ఎక్స్ 100 బైక్ కొనొచ్చా?

అన్నా, మా ఊళ్లో ఒకాయన దగ్గర 1994 ఆర్‌ఎక్స్ 100 ఉంది, నాలుగేళ్లుగా పాకలోనే, కిక్ కొడితే కదలట్లేదు. ఆ సౌండంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. తీసుకుని బాగు చేయించుకోవచ్చా?

జవాబు: ముందు కాగితాలు చూడు తమ్ముడూ. ఆర్‌సీ మొదట 15 ఏళ్లకే ఇస్తారు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. ఫ్రేమ్ మీద గుద్దిన ఛాసిస్ నంబరుని గుడ్డతో తుడిచి ఆర్‌సీతో ఒక్కో అంకే సరిచూసుకో. నేను డబ్బులిచ్చేశాక బండి పేరు మార్చుకునే కాగితాలు, అదే ఫారం 29, 30 మీద ఓనరు సంతకం కోసం ఏడాది తిరిగాను, ఆ టెన్షన్ నీకొద్దు.

జవాబు: కిక్ కదలట్లేదంటే పిస్టన్ పట్టేసి, అంటే సిలిండర్లో ఇరుక్కుపోయి ఉండొచ్చు, బలవంతంగా మాత్రం తొక్కొద్దు. స్పార్క్ ప్లగ్ విప్పి ఆ రంధ్రంలో కాస్త ఆయిల్ పోసి రాత్రంతా వదిలెయ్. విడిపోయినా సంబరపడి రోడ్డెక్కించకు, అది టూ స్ట్రోక్, అంటే ఆయిల్ పెట్రోల్‌తో పాటే ఇంజన్లోకి వెళ్లాలి, ఆయిల్ పంపు పనిచేయకపోతే కొత్త పిస్టన్ కూడా మళ్లీ పట్టేస్తుంది. పంపు మీద నమ్మకం కుదిరేదాకా 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్లకి వాడేది) పెట్రోల్లోనే కలిపి పోసుకో. ట్యాంకులో టార్చి వేసి తుప్పు కూడా చూడు.

జవాబు: రంగు, స్టిక్కర్లు తర్వాత. ముందు టైర్లు, బ్రేక్ లైనర్లు మార్చు, ఈ బండి లేచినంత తొందరగా ఆగదు.

థాంక్స్ అన్నా, రేపే వెళ్లి ఆర్‌సీ అడుగుతా.