చవక కియాంటి వైన్‌ని తిండి లేకుండా ఒట్టిగా తాగి మార్కులు వేయొచ్చా?

ఎర్రసీసా: ఇటలీలోని టస్కనీ ప్రాంతపు ఎర్ర వైన్ కియాంటి, అందులోనూ పది యూరోల లోపు సీసాల మీద ఏ సమీక్ష చదివినా "పుల్లగా ఉంది, పల్చగా ఉంది" అనే ఉంటుంది. ఒక గుక్క నోట్లో తిప్పి, ఉమ్మేసి, మార్కు వేసేస్తున్నారు. ఇది అన్యాయం. కియాంటిలో కనీసం 70 శాతం సాంజోవేసె ద్రాక్ష ఉండాలని నియమం. పులుపు, వగరు ఆ ద్రాక్ష స్వభావం. టమాటా సాస్ వేసిన పాస్తాతోనో, పెకోరీనో చీజ్‌తోనో తాగి చూడండి, ఆ పులుపే నోటిని తేలిక చేసి ఇంకో ముద్ద తినాలనిపిస్తుంది. టస్కనీలో దాన్ని తాగేది భోజనాల దగ్గరే కదా!

ఒట్టిగ్లాసు: ఒప్పుకోను. చీజ్‌లోని ఉప్పు, కొవ్వు ఎంత మొరటు వగరునైనా మెత్తబరుస్తాయి. అలా చూస్తే ప్రతి సీసా బాగానే ఉంటుంది. కార్క్ చెడితే వచ్చే తడి అట్టపెట్టె వాసన, వెనిగర్ ఘాటు ఒట్టి గ్లాసులోనే దొరుకుతాయి. 1984 నుంచి కియాంటికి డీఓసీజీ హోదా (ఇటలీ వైన్లకిచ్చే అత్యున్నత ముద్ర) ఉంది, నిజమే. ఆ ముద్ర చూసి రుచికి హామీ అనుకోలేం.

ఎర్రసీసా: లోపం వేరు, స్వభావం వేరు. చెడు వాసనల్ని ఒట్టి గ్లాసులోనే పట్టుకోండి, కాదనను. పులుపుని మాత్రం ఆ జాబితాలో చేర్చకండి.

ద్రాక్షతోట: అసలు చిక్కు పోలికలో ఉంది. ఇటలీలోనే అబ్రుత్సో ప్రాంతపు ఎర్ర వైన్ మోంతెపుల్చానో ముదురు రంగులో, పండు రుచితో, పులుపు తక్కువగా ఉంటుంది. ఒట్టిగా తాగినా హాయిగా దిగుతుంది. దాని వెంటనే కియాంటి గుక్క వేస్తే ఇంకా పుల్లగా తోచక తప్పదు. వరస మారిస్తే మార్కూ మారుతుంది! వేడి సంగతి కూడా చూడాలి. 25 డిగ్రీల గదిలో ఉంచిన సీసాలో ఆల్కహాల్ ఘాటే ముందు తగులుతుంది, 16 డిగ్రీల దగ్గర పండు వాసన తెలుస్తుంది. నేనైతే ముందు ఒట్టిగా చూస్తాను, తర్వాత భోజనంతో. మిగిలింది మూత పెట్టి మర్నాడు మళ్లీ చూస్తాను. చవక సీసాల్లో తేడా నాకు ఎక్కువగా మర్నాడే బయటపడుతుంది.

ఒట్టిగ్లాసు: మర్నాటి పరీక్ష సరే, వరస మార్చి చూడటమూ సరే. కానీ భోజనంతో వేసిన మార్కుని విడిగా రాయండి, ఏం తిన్నారో కూడా రాయండి. లేకపోతే ఆ మార్కు వైన్‌దో, వంటదో మాకెలా తెలుస్తుంది?