సుందర్ సింగ్ వాళ్ళమ్మ అన్నది ‘సాధు’ అనా, ‘సాధువు’ అనా?

మొన్న ఆదివారం నుంచి ఒక ముక్క బుర్రలో తిరుగుతా ఉంది, ఎవరికైనా గుర్తుంటే చెప్పండి. చిన్నప్పుడు మా సండే స్కూల్ టీచరమ్మ సాధు సుందర్ సింగ్ (పంజాబులో సిక్కుల ఇంట పుట్టి, క్రైస్తవుడై, కాషాయం కట్టుకునే క్రీస్తుని ప్రకటించినాయన) కథ చెప్పేది, కాషాయం అంగీ, తలపాగా, గడ్డం ఉన్న బొమ్మ అట్టముక్కకి అంటించి, చేత్తో పైకి పట్టుకుని. అందులో వాళ్ళమ్మ పిల్లోడితో అనే మాట: “మీ అన్నల్లాగ లోకం మీద పడి తిరగమాక నాయనా, నువ్వు పెద్దయ్యాక సాధు... కావాలి.” ఆ చుక్కల దగ్గర ‘వు’ ఉందా లేదా? ఎందుకు అడుగుతున్నానంటే మాకు సాధు అంటే ఆవు. “ఆవు సాధు జంతువు” అని పలకల మీద రాసి రాసి ఉన్నాం, అందుకని ఆయన పొడవని తన్నని మనిషి కాబోలు అనుకున్నా చాలా ఏళ్ళు.

తాటిబెల్లం: సాధువే, అనుమానం దేనికి. కథంతా ఆ మాట మీదే కదండీ నిలబడింది. పద్నాలుగేళ్ళకే తల్లి పోయింది, ఆ దుఃఖంలో బైబిలు పేజీ పేజీ చించి ఇంటి వాకిట్లో తగలబెట్టాడు, తెల్లారుజామున లూధియానా రైలు కింద తల పెడదామనుకున్నవాడు కాస్తా క్రీస్తు దర్శనం చూసి మారిపోయాడు, 1905 సెప్టెంబర్ 3న సరిగ్గా పదహారో పుట్టినరోజు నాడు సిమ్లాలో బాప్తిస్మం, నెల దాటి మూడ్రోజులకి కాషాయం. అమ్మ సాధువు కమ్మంది, అయ్యాడు, కాకపోతే ఆమె అనుకున్న దారిలో కాదు. అక్కడ ఉత్త ‘సాధు’ పెడితే “బుద్ధిమంతుడివి కా” అన్నట్టుంటది, అది ప్రతి అమ్మా అనేదే.

డుమువులు: దీనికి ఇంత గుంజాటన అక్కర్లేదు. డు, ము, వు, లు ప్రథమా విభక్తి. సంస్కృతం నుంచి వచ్చిన ఉకారాంతానికి మనం వు తగిలిస్తాం: గురువు, పశువు, సాధువు. పేరు ముందు సమాసంలా పెడితే ఆ వు రాలిపోద్ది, గురు నానక్ అంటాం గాని గురువు నానక్ అనం కదా, అలాగే సాధు సుందర్ సింగ్. టీచరమ్మ వాక్యంలో వెనకాల పేరు లేదు కాబట్టి సాధువు. అయిపోయింది.

మిరపనారు: అయిపోలేదు మాస్టారూ. “మావాడు ఉత్త సాధు” అని మా అమ్మమ్మ రోజుకి పదిసార్లు అనేది, వెనకాల పేరేం లేదు, వు కూడా లేదు. వాడుకలో రెండు మాటలు విడిపోయినయ్. సాధు అంటే నెమ్మదస్తుడు, సాధువు అంటే కాషాయం. వ్యాకరణం ఎప్పుడూ ఒక ఊరు వెనకే ఉంటది.

వేకువకోడి: మరి పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం? “సాధువైనట్టియు, మృదువైనట్టియునైన గుణము”. అక్కడ ఆడవాళ్ళ అలంకారం గురించి చెప్తున్నాడు, కాషాయం కట్టుకోమని కాదు కదా 😀 అంటే వు ఉన్నా నెమ్మదే. టీచరమ్మ చెవిలో రోజూ మోగేది బైబిలు తెలుగే, కాబట్టి ఆమె ‘సాధువు’ అనే అని ఉండొచ్చు, మనసులో మాత్రం మీ ఆవే ఉండొచ్చు.

మిరపనారు: అది ‘సాధువైన’ అండీ, విశేషణం. లెక్కలోకి రాదు.

వేకువకోడి: మీ అమ్మమ్మ లెక్కలోకొస్తే పేతురు రాడా?

రావినీడ: ఉద్యోగరీత్యా లూధియానాలో ఆరేళ్ళున్నా, ఒక మాట చెప్పనివ్వండి. ఆయన పుట్టిన రాంపూర్ ఆ పక్కనే, అప్పటి పటియాలా సంస్థానం. పంజాబీలో ఆ మాట ‘సాధ్’, చివర ఉ కూడా పలకరు. మీరు కొట్టుకునే ‘వు’ పూర్తిగా మన సొంత సరుకు. అసలు తిరకాసు అర్థంలో ఉంది. గురువాణిలో, అంటే సిక్కుల గ్రంథంలో, సాధ్ అంటే సత్పురుషుడు, దేవుణ్ణి ఎరిగినవాడు, అందులో గురు అర్జన్ గారి సుఖ్‌మనీ అనే కీర్తనలో ఏడో అష్టపది మొత్తం “సాధ్ కై సంగ్” అనే నడుస్తది. గురుద్వారాలో కూర్చున్న జనాన్ని సాధ్ సంగత్ అంటారు, అందులో పాలు పోసేవాడూ ఉంటాడు, లారీ డ్రైవరూ ఉంటాడు. ఇల్లు వదిలెయ్యడం సిక్కుల్లో గొప్పేం కాదు, నానక్ సంసారంలో ఉండి చెయ్యమన్నాడు. అందుకని ఆ తల్లి కాషాయం కట్టమంది అని నేననుకోను.

తాటిబెల్లం: సిక్కు తల్లే గాని, ఆవిడ పిల్లాడికి గీత చదివించింది, వాడికి ఏడేళ్ళకే కంఠతా వచ్చింది. అడవిలో ఉండే ఒక సాధువు దగ్గరికి తీసుకెళ్ళేది కూడా. ఆవిడ చూపించిన సాధువు కాషాయపు సాధువే. పుస్తకంలో సాధ్ వేరు, చెట్టుకింద సాధు వేరు, అది మీరే అంటున్నారు. ఇంకోటి, ఈయన లాహోరులో పాదిరీల చదువులో చేరి, ప్రసంగాలకిచ్చిన లైసెన్సు తిరిగిచ్చేసి బయటికొచ్చాడు. రెవరెండ్ కాకుండా సాధుగానే మిగిలాడు. అది గుణం కాదండీ, వేషం, బతుకు.

నల్లరేగడి: అసలు సాధ్ ధాతువు నెమ్మది కాదు, పని నెరవేర్చడం. సాధించేవాడు సాధువు. కానీ మన ఇళ్ళల్లో “అత్త కోడల్ని సాధించింది” అంటే కాల్చుకు తినడం. త్యాగయ్య “సాధించెనే ఓ మనసా” అన్నదీ ఆ అర్థంలోనే, కృష్ణుడు అందర్నీ సతాయించాడని. ఒక్కసారి ఆ చెవితో వినండి, కీర్తనే మారిపోద్ది.

డుమువులు: అనుపల్లవి కూడా కలిపి పాడండి ముందు. “తా బట్టిన పట్టు సాధించెనే”. పట్టు అనే కర్మ అక్కడుండగా సతాయించడం ఎక్కడ్నుంచొచ్చింది? పట్టు నెగ్గించుకున్నాడు, అంతే.

నల్లరేగడి: అవతలోళ్ళని సతాయించకుండా పట్టు నెగ్గుతుందా అండీ, కృష్ణుడికైనా?

డుమువులు: ఆరభి రాగంలో అంత హాయిగా సతాయించడం ఆయనకే చెల్లింది, అది ఒప్పుకుంటా.

చలిమిడి: సాధు రేఫని ఎవరూ తలుచుకోలేదేం? బండి ఱ మొరటుది, మామూలు ర సాధువు. సుందర్‌లో ఉన్నది సాధు రేఫే, నోట్ చేసుకోండి 😂 పక్కన సింగ్ అంటే సింహం, మన సింగరాయకొండలో సింగమే. సాధు జంతువూ క్రూర జంతువూ ఒకే పేరులో కట్టేసి ఉన్నయ్. టిబెట్ మంచులోకి ఏళ్ళ తరబడి కాళ్ళకి చెప్పుల్లేకుండా వెళ్ళొచ్చి, చివరికి 1929 ఏప్రిల్లో మళ్ళీ వెళ్ళి తిరిగి రాని మనిషిని ఆవు అంటారా మీరు?

వేకువకోడి: మా చర్చిలో ఈయన కథల్లో చెంబు కథే ఎక్కువ చెప్పేవాళ్ళు. స్టేషన్లో ఎండకి సొమ్మసిల్లిన బ్రాహ్మడికి స్టేషన్ మాస్టరు తెల్ల కప్పులో నీళ్ళిస్తే మూతి తిప్పుకున్నాడు, అవే నీళ్ళు ఆ బ్రాహ్మడి సొంత చెంబులో పోసిస్తే గటగటా తాగాడు. జీవజలాన్ని పరదేశపు కప్పులో ఇవ్వమాకండి అని పాదిరీలకి చెప్పడానికి. మా పాస్టరు గారు ‘ఇత్తడి చెంబు’ అనేవారు.

నల్లరేగడి: చెంబు అంటేనే రాగి. చెం అంటే ఎరుపు, చెందామరలో ఉన్నదే. ఇత్తడి చెంబు అంటే ఇత్తడి రాగి అన్నట్టు.

మిరపనారు: అలాగైతే మా ఇంట్లో ప్లాస్టిక్ రాగి ఉంది అన్నా, బాత్రూంలో.

(అడిగినవాణ్ణే మళ్ళీ): అందరికీ దండాలు. రాత్రి అమ్మకి ఫోన్ చేసి అడిగా, ఆమె అదే చర్చి, అదే టీచరమ్మ. “సాధు లేదు సాధువు లేదు, ఆవిడ ‘సన్నాసివి కావాలి’ అనేది, మీరంతా కిసుక్కున నవ్వేవాళ్ళు, ఆవిడ స్కేలుతో కొట్టేది” అంది. స్కేలు దెబ్బ మాత్రం నాకు బాగానే గుర్తుంది.

డుమువులు: సన్న్యాసి. నకి న వత్తు, దాని కింద య వత్తు. సన్యాసి అని రాస్తే తప్పు.

మిరపనారు: మాస్టారూ, ఆవిడ సన్నాసి అంది. యే లేదు అందులో.