కొత్త కారు సీటుతో నడుము నొప్పి: లోపం సీటుదా, నడుముదా?

కేఆర్ పురం ప్రయాణికుడు
కారు పేరు చెప్పను. చెబితే ఈ చర్చ ఆ కంపెనీ అభిమానులకూ వ్యతిరేకులకూ మధ్య యుద్ధమవుతుంది. ఒక మోస్తరు ఎస్‌యూవీ, మాన్యువల్ గేర్లు, పైనుంచి రెండో మోడల్. సన్‌రూఫ్ ఉంది, సీటులోంచి చల్లగాలి వస్తుంది, పెద్ద తెర ఉంది. నడుము దగ్గరి ఉబ్బును ముందుకూ వెనక్కూ జరుపుకునే మీట మాత్రం లేదు.

ఉండేది బెంగళూరు కేఆర్ పురంలో, ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీలో. మారతహళ్లి, బెళ్లందూరు మీదుగా రింగ్ రోడ్డు, సిల్క్ బోర్డు, ఆపైన ఫ్లైఓవరు. సిల్క్ బోర్డు చేరేసరికి నడుము కింద ఎడమవైపు నొప్పి మొదలై పిరుదులోకి దిగుతుంది. కారు దిగాక నిటారుగా నిలబడాలంటే కాసేపు తలుపు పట్టుకోవలసిందే. పాత చిన్న కారులో ఏళ్ల తరబడి ఇదే దారిలో తిరిగాను, ఈ బాధ ఎరగను. డాక్టరు పరీక్షించి నరం నొక్కుకోలేదు, కండరాల నొప్పే అన్నారు.

నేను ఆరడుగుల మనిషిని. వీపు ఆనే భాగంలోని ఉబ్బు నాకు నడుము ఒంపులో తగలదు, దాని కన్నా బాగా కింద తగులుతుంది. కూర్చునే భాగం పొట్టి, తొడలో సగానికి ఆధారం లేదు. స్టీరింగ్ పైకీ కిందికీ కదులుతుంది గాని దగ్గరికి రాదు. చేతులు అందాలని సీటు ముందుకు జరిపితే మోకాళ్లు ఇరుక్కుంటాయి. ఐదు వేల కిలోమీటర్లు తిరిగితే ఫోమ్ కుదురుకుంటుందని షోరూమ్‌లో అన్నారు. అది ఎప్పుడో దాటింది. ఇప్పుడేమో కూర్చునే తీరు మార్చుకోమంటున్నారు. సీటు మార్చి ఇమ్మని అడిగే హక్కు నాకు ఉందా, లేదా?

మల్లేశ్వరం
కొనేముందు నడిపి చూడలేదా?

కేఆర్ పురం ప్రయాణికుడు
చూశాను. షోరూమ్ చుట్టూ పావుగంట. సేల్స్ కుర్రవాడు పక్కన కూర్చుని సన్‌రూఫ్ తెరుస్తూ మూస్తూ ఉన్నాడు. పావుగంటకు ఏ సీటైనా సింహాసనమే.

నలభై ఏళ్ల స్టీరింగ్
వెనక జేబులో పర్సు పెట్టుకుని నడుపుతారా? ముందు దీనికి జవాబు చెప్పండి. నేను లారీ నడిపాను, తరువాత ట్యాక్సీ నడిపాను. ఒక పిరుదు కింద పర్సు ఉంటే మనిషి ఓ పక్కకు ఒరుగుతాడు, వెన్ను దానికి తగ్గట్టు వంగుతుంది, పిరుదులో నరం నలుగుతుంది. మా దగ్గర చేరిన కుర్రవాళ్లకు గేర్లకంటే ముందు నేర్పింది పర్సు తీసి ఎదురుగా పెట్టుకోమని. మా సీట్లు కొబ్బరి పీచు మీద రెక్సిన్ కప్పినవి. ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

కేఆర్ పురం ప్రయాణికుడు
పర్సు బ్యాగులో ఉంటుంది. వెనక జేబులు ఖాళీ.

జయనగర్ ఫిజియో
నొప్పి ఎడమవైపే ఉందంటే ముందు క్లచ్ వైపు చూడాలి. రింగ్ రోడ్డు రద్దీలో మొదటి గేరుకూ రెండో గేరుకూ మధ్య ఎడమ కాలికి విశ్రాంతి ఉండదు. క్లచ్ పూర్తిగా నొక్కినప్పుడు కూడా మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. కాలు కర్రలా చాచుకుంటే ప్రతిసారీ తుంటి జారి నడుము మెలిపడుతుంది.

తుంటిని సీటు మూలలోకి బాగా నెట్టి కూర్చోండి. వీపు భాగం 100 నుంచి 110 డిగ్రీల వాలులో ఉండాలి. మోకాలి వెనకకూ సీటు అంచుకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు చాలు. భుజాలు సీటుకు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి. మీ స్టీరింగ్ దగ్గరికి రాదు కాబట్టి కాలికి సరిపడే దూరం, చేతికి సరిపడే దూరం మీకు ఒకేసారి కుదరకపోవచ్చు. అది మీ చేతకానితనం కాదు.

ఒక చిన్న తువ్వాలు చుట్టి బెల్టు పెట్టుకునే ఎత్తులో నడుము ఒంపులో పెట్టి నడపండి. దానితో నొప్పి తగ్గితే సీటు ఆకారం మీద అనుమానం బలపడుతుంది. మధ్యలో ఎక్కడైనా ఆపి నాలుగడుగులు నడవండి. స్కానింగ్ తీయించి డిస్కు ఉబ్బిందని రాసి ఇచ్చినా కంగారు పడకండి, నొప్పి లేనివాళ్లలోనూ అది తరచు కనిపిస్తుంది. కాని పాదం బలహీనపడినా, తొడల మధ్య తిమ్మిరి వచ్చినా, మూత్రం మీద అదుపు తప్పినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

నలభై ఏళ్ల స్టీరింగ్
చూశారా, కూర్చునే తీరులోనే ఉందని వారూ అంటున్నారు.

జయనగర్ ఫిజియో
నేను అనలేదు. మళ్లీ చదవండి.

బొమ్మసంద్ర లైను
2025 ఆగస్టు నుంచి ఆర్.వి. రోడ్ నుంచి బొమ్మసంద్రకు మెట్రో నడుస్తోంది. ఎలక్ట్రానిక్ సిటీలో స్టేషన్ ఉంది. నిలబడి వెళ్తే నడుముకూ మంచిది.

కేఆర్ పురం ప్రయాణికుడు
పర్పుల్ లైనులో మెజెస్టిక్, గ్రీన్ లైనుకు మారి ఆర్.వి. రోడ్, అక్కడ మళ్లీ మారి ఎల్లో లైను. ఊరంతా చుట్టాలి. రింగ్ రోడ్డు మీద మెట్రో నడిస్తే కారు ఇంట్లో పెడతాను. ఇప్పుడు నేనడిగింది సీటు గురించి.

మల్లేశ్వరం
అంత బాధైతే అమ్మేసి ఇంకోటి కొనుక్కోండి.

కేఆర్ పురం ప్రయాణికుడు
కర్ణాటకలో పది నుంచి ఇరవై లక్షల కారుకు జీవిత పన్ను 17 శాతం. రిజిస్టరయిన మర్నాటి నుంచే అది పాత కారు. అమ్మితే పోయే సొమ్ము మీరిస్తారా?

నలభై ఏళ్ల స్టీరింగ్
జేసీ రోడ్డుకు వెళ్లండి. ఫోమ్ కోసి మీ నడుముకు తగ్గట్టు కుట్టి ఇస్తారు. ఒక్క పూట పని.

ఐదడుగుల డ్రైవర్
ఆ పని చేయకండి. ఈ తరహా కార్లలో పక్క ఎయిర్‌బ్యాగు చాలావాటికి సీటు వీపు భాగంలోనే, అంచున ఉంటుంది. అక్కడి కుట్టు విడిపోయి బ్యాగు బయటికి రావాలి. బయట కుట్టించిన కవరు దాన్ని అడ్డుకోవచ్చు. మీ సీటులో గాలి ఫ్యాను కూడా ఉంది. ఒకసారి కోశాక వారంటీ గురించి కంపెనీతో ఏం మాట్లాడతారు?

ఒక ప్రశ్న. ఇంట్లో ఇంకెవరైనా ఆ కారు నడుపుతారా?

కేఆర్ పురం ప్రయాణికుడు
నా భార్య నడుపుతుంది. ఆమెకు ఏ నొప్పీ లేదు. ఆమె నాకంటే చాలా పొట్టి.

నలభై ఏళ్ల స్టీరింగ్
ఇంట్లోనే రుజువు దొరికింది. సీటు ఒకటి, నడుములు రెండు. నొప్పి ఏ నడుములో ఉందో తప్పూ అందులోనే ఉంది. కడుపు చుట్టుకొలత ఎంతో చెబుతారా?

ఐదడుగుల డ్రైవర్
అందులో రుజువయింది వేరే సంగతి. పొట్టివాళ్లకు సరిపోయి పొడుగువాళ్లకు సరిపోలేదంటే ఆ సీటుకు సర్దుబాటు లేదని అర్థం. నాది సరిగ్గా తిరగబడిన కథ. క్లచ్ అందాలంటే స్టీరింగ్‌కు ఆనుకుని కూర్చోవాలి. పెళ్లైన దగ్గర నుంచి దిండు మోసుకు తిరుగుతున్నాను. మా మామగారు, మావారు, షోరూమ్ మేనేజరు, అందరూ ఒకే మాట: "కొంచెం సర్దుకో." భారత్ ఎన్‌క్యాప్ అని, కార్లను ఢీకొట్టించి చూసి భద్రతకు నక్షత్రాలిచ్చే పరీక్ష మన దేశంలో 2023 అక్టోబరులో మొదలైంది. ఎదురుగా ఢీకొట్టే పరీక్షలో డ్రైవరు సీటులో కూర్చోబెట్టే బొమ్మ సగటు మగవాడి కొలత, సుమారు 175 సెంటీమీటర్లు, 78 కిలోలు. నేను ఆ బొమ్మను కాను. ఆయనా కాదు.

జయనగర్ ఫిజియో
అది ప్రాణభద్రత పరీక్ష. సీటు సౌకర్యానికి దానిలో నక్షత్రాలు లేవు.

ఐదడుగుల డ్రైవర్
లేవనే నా ఏడుపు.

నోటీసు పంపండి
అసలు ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు కాబట్టి నేను ఇస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమంటే చట్టమో, ఒప్పందమో, అమ్మినవారి ప్రకటనో చెప్పిన ప్రమాణానికి నాణ్యత తగ్గడం. "నాకు ఒంటికి పడలేదు" అన్నది దానిలోకి రాదు. కాబట్టి మీ దగ్గరి బ్రోచర్ తీసి సీటు గురించి ఏమి రాశారో చదవండి. నడుముకు ఆధారం ఇస్తుందని రాసి ఉంటే పట్టు దొరికినట్టే. ఒకవేళ బొమ్మల్లో మీట చూపించి కారులో ఇవ్వకపోతే ఇంకా గట్టి పట్టు.

రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, చెల్లించిన ధర యాభై లక్షలు దాటనంతవరకు అక్కడే. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి నమోదు చేయించండి, తరువాత నోటీసు. పరీక్ష లేకుండా లోపం తేలదనుకుంటే వస్తువును ప్రయోగశాలకు పంపించే అధికారం కమిషన్‌కు ఉంది.

ఇంతకంటే ముఖ్యమైనది ఒకటుంది. అదే మోడల్ ఇంకో కారు అడిగి తీసుకుని మీ దారిలోనే నడిపి చూశారా? దానిలో నొప్పి రాకపోతే మీ సీటు ఫోమ్ చెడ్డదని వాదించవచ్చు. దానిలోనూ వస్తే అది డిజైను. డిజైను నచ్చలేదని సీటు మార్పించుకోవడం చాలా కష్టం.

కేఆర్ పురం ప్రయాణికుడు
చూడలేదు. అడిగితే ఇవ్వరని అనుకున్నాను.

నలభై ఏళ్ల స్టీరింగ్
కోర్టు దాకా వెళ్లారు! ప్యాంటు వెనక జేబులో పర్సు కాకపోతే తాళాల గుత్తి ఉంటుంది, చేతిరుమాలు ఉంటుంది. ఏదో ఒకటి ఉంటుంది. ఏసీలో, చల్లగాలి సీటు మీద, కూతవేటు దూరం నడపడానికి ఇంత రభసా? పొద్దున్నే లేచి వంద గుంజీలు తీస్తే నడుము దానంతటదే దారికొస్తుంది.

కేఆర్ పురం ప్రయాణికుడు
పెద్దవారని ఊరుకుంటున్నాను. నా జేబులు, నా కడుపు, నా ప్యాంటు మీకు ఎందుకు? లక్షలు పోసి కొన్నాను. బాగా లేదంటే బాగా లేదని చెప్పే హక్కు కూడా లేదా? మీలాంటివాళ్లు ఎవరూ ఫిర్యాదు చేయలేదు కాబట్టే కంపెనీలు మీట తీసేసి సన్‌రూఫ్ పెడుతున్నాయి.

ఐదడుగుల డ్రైవర్
బాగా అన్నారు. "మేం పడ్డాం, మీరూ పడండి" అంటే అది సలహా ఎలా అవుతుంది? మీ నడుము పాడైందని మా నడుములూ పాడవాలా సార్?

నలభై ఏళ్ల స్టీరింగ్
అవును, పాడైంది. రాత్రి నడుముకు కట్టుకునే పట్టీ తీస్తే మంచం మీద పక్కకు తిరగలేను. మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను.

ఫిర్యాదు చేయలేదని రాశాను కదా, ఎవరికి చేయాలి? బండి ఓనరును సీటు మార్చమని ఒకసారి అడిగాను. "బండి నడిపేది సీటా, నువ్వా?" అన్నాడు. అక్కడితో సరి. లారీ ఎగిరెగిరి పడుతుంటే ఆ అదురు నేరుగా వెన్నులోకి వస్తుంది. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది, 2025 నవంబరు దాకా ఉంది. రోజుకు ఎనిమిది గంటలు, ఐదు గంటలకు ఒకసారి అరగంట విశ్రాంతి అని దానిలో రాసి ఉండేది. నేను నడిపిన రోజుల్లో ఆ అరగంట ఎవరిచ్చారో చూడలేదు. లారీ కేబిన్‌కు ఏసీ తప్పనిసరి చేసింది కూడా 2025లోనే, అదీ కొత్తగా తయారయ్యే బళ్లకే.

ఇప్పుడు మా అబ్బాయి ఈ ఊళ్లోనే క్యాబ్ నడుపుతున్నాడు. విమానాశ్రయం నుంచి వైట్‌ఫీల్డుకు, అక్కడి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి. వెనక కూర్చున్నవాళ్లు ఏసీ పెంచమంటారు, నక్షత్రాలు ఇస్తారు. నడుము ఎలా ఉందని అడిగినవాళ్లు లేరు. మీరు కొత్త కారు కొన్న కొద్ది నెలలకే ఫిజియో వచ్చారు, వకీలు వచ్చారు, బొమ్మ కొలతలు వచ్చాయి. నాకు కోపం రాదా?

జయనగర్ ఫిజియో
మీరన్న అదురు సంగతి నిజం. కూర్చున్న మనిషి వెన్ను సెకనుకు నాలుగైదు సార్లు ఊగే కంపనానికి ఎక్కువగా స్పందిస్తుంది. లారీలు, బస్సులు పుట్టించేది చాలావరకు అలాంటి కంపనమే. వృత్తి డ్రైవర్లలో నడుము నొప్పికి ఇదొక ముఖ్యమైన కారణం. మీ అబ్బాయిని ఒకసారి ఎవరికైనా చూపించండి, వాయిదా వేయకండి.

కేఆర్ పురం ప్రయాణికుడు
మీ కోపం న్యాయమే. కాని అది చూపించవలసింది ఆ ఓనరు మీద, నా మీద కాదు. నేను నోరు మూసుకుంటే మీ అబ్బాయికి మంచి సీటు వస్తుందా?

నలభై ఏళ్ల స్టీరింగ్
మీరు నోరు తెరిచినా రాదు. మీ నోటీసు గెలిస్తే మీ ఒక్కరి సీటు మారుతుంది.

ఐదడుగుల డ్రైవర్
ఒక్కరికి మారినా ఆ కంపెనీ వచ్చే మోడల్‌లో ఆలోచిస్తుంది. క్యాబులకు కొనేదీ అవే కార్లు కదా.

నలభై ఏళ్ల స్టీరింగ్
క్యాబులకు కొనేది కింది మోడల్ అమ్మా. దానిలో సీటు ఎత్తు పెంచే మీట కూడా ఉండదు. సరే, వకీలుగారిని ఒకటి అడుగుతాను. మా వాడు ఈ నోటీసు పంపవచ్చా?

నోటీసు పంపండి
కారు ఎవరి పేరు మీద ఉందో దాన్ని బట్టి. సొంతంగా కొని, దాన్ని నడుపుకుని పొట్ట పోసుకునే మనిషిని చట్టం వినియోగదారుడిగానే చూస్తుంది. పది కార్లు కొని జీతానికి డ్రైవర్లను పెట్టుకుంటే అది వ్యాపార అవసరం, కమిషన్‌కు వెళ్లే దారి దాదాపు మూసుకున్నట్టే. అప్పుడు జీతానికి నడిపే మనిషి అడగవలసింది యజమానినే.

నలభై ఏళ్ల స్టీరింగ్
కారు వేరేవాళ్లది. అయితే మళ్లీ ఆ ఓనరు దగ్గరికే. నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే.

కేఆర్ పురం ప్రయాణికుడు
మొదటి నుంచీ మీరు చెబుతున్నది పర్సు గురించి.