కవర్లు పేర్చే స్టాకర్ పెట్టినం, వరుస మొత్తం ఆగమైతుంది. తప్పు మెషీన్‌దా, కవర్లదా?

నాచారం_నైట్‌షిఫ్ట్:
అందరికీ నమస్తే. నేను నాచారంల ఒక మెయిలింగ్ యూనిట్ల ఇన్సర్టర్ నడిపిస్త. స్టేట్‌మెంట్లు, పాలసీ నోటీసులు మడతపెట్టి డీఎల్ విండో కవర్లల (అడ్రస్ కనబడే కిటికీ ఉన్న పొడుగు కవర్లు) పెట్టి అతికిచ్చి పిన్ కోడ్ వరుసల ట్రేలకు ఎక్కిచ్చి పోస్టుకు ఇచ్చుడు మా పని. ఇన్ని రోజులు ఇన్సర్టర్ చివర బెల్టు మీద ఒకదాని మీద ఒకటి సగం ఎక్కి వచ్చే కవర్లను ఇద్దరు అక్కలు గుప్పెట్ల పట్టి తీసి, టేబుల్ మీద రెండు దిక్కులు తట్టి ట్రేల పెట్టేటోళ్లు. మొన్న మా సేటు సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ స్టాకర్ ఒకటి తెప్పిచ్చిండు, పది రోజులు ట్రయల్. కవర్‌ను నిలబెట్టి ఒక గోడకు తగిలిచ్చి వరుసగ పేర్చుకుంట పోయే రకం.

గంటకు 6 వేల స్పీడ్‌ల బాగనే పోతుంది. 9 వేలకు పెంచితే కొత్త కవర్ మూతి ముందున్న కవర్ తోకకు తగిలి మడత పడుతది, లేకుంటే దానికి ముంగట దూరుతది. జామ్ అయినప్పుడు నాలుగైదు కవర్లు చేతికొస్తయ్, ఏది ముందో ఏది వెనకనో తెలుస్తలేదు. నిన్న రాత్రి కూకట్‌పల్లి 500072 ట్రేల ఈసీఐఎల్ 500062 కవర్లు నాలుగు దొరికినయ్, అవి నా కంట పడ్డయ్ కాబట్టి సరే, పడనివి ఎన్ని పోయినయో అని నిద్ర పడ్తలేదు.

కొనాల్నా వద్దా అని సేటు నన్నే అడుగుతుండు. అక్కలు ఆరేండ్ల సంది ఉన్నరు, నా మాట మీద వాళ్ల పని ఉన్నది. అందుకే సరిగ్గ తెలుసుకొని చెప్దామని అడుగుతున్న. ఈ మెషీన్ల మీద పని చేసినోళ్లు చెప్పండి.

బెల్టు_మెకానిక్:
తమ్ముడూ, స్టాకర్ సర్వీసింగ్ నేను చాలా ఏళ్లు చేశాను. ముందు ఒక లెక్క చూడు. గంటకు 9 వేలంటే సెకనుకు రెండున్నర, అంటే ఒక్కో కవర్‌కి 0.4 సెకను. ఆ టైములో కవర్ వేగంగా వచ్చి గోడకి తగిలి వెనక్కి ఎగరకుండా ఆగాలి, దాని తోక పక్కకి జరగాలి, వెనక వచ్చేదానికి దారి ఖాళీ అవ్వాలి. పేర్చడం అంటే అందరూ చివరి చిన్న పని అనుకుంటారు గానీ మొత్తం లైన్‌లో కష్టమైన పని అదే, ఎందుకంటే మిగతా చోట్ల కవర్‌ని బెల్టులు రెండు వైపులా పట్టుకునే ఉంటాయి, ఇక్కడ ఒక్క చోటే వదిలేస్తాయి.

నువ్వు చెప్పిన లక్షణం చూస్తే తోక జరగట్లేదు. గోడకి ఎదురు వైపు స్క్రూ లాగా తిరిగే ఆగర్ గానీ, తోకని తన్నే చిన్న చక్రం గానీ ఉంటుంది. దాని రబ్బరు చేత్తో తడిమి చూడు, గాజులా నున్నగా మెరుస్తుంటే పట్టు పోయినట్టే, సెకండ్ హ్యాండ్‌లో చాలాసార్లు ఇదే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే కొన్నాళ్లు పని చేస్తుంది, తర్వాత మార్చాల్సిందే.

రెండోది ప్యాడిల్, అంటే దొంతర వెనక ఆన్చి ఉండే పలక. అది గట్టిగా నొక్కుతుంటే కొత్త కవర్‌కి చోటు లేక నడుములో వంగుతుంది. మరీ వదులైతే దొంతర వెనక్కి వాలి కవర్ల మధ్య సందులు వస్తాయి, మూతి ఆ సందులోకి పోతుంది. వరుస తప్పడానికి కారణం ఇదే అయ్యుండొచ్చు. ఖాళీగా ఉన్నప్పుడు కాదు, సగం నిండాక చూసి సెట్ చెయ్యి, ఎందుకంటే కవర్లు పెరిగేకొద్దీ బరువు మారుతుంది. సెన్సర్ల మీద పేపర్ దుమ్ము కూడా తుడువు, కన్ను మసకబారితే రెండు కవర్లకి మధ్య ఖాళీ మెషీన్‌కి కనబడదు.

రెండు ప్రశ్నలు. రోజంతా ఒకేలా చేస్తోందా, ఏదో ఒక టైములో ఎక్కువా? కవర్ విండోకి ప్లాస్టిక్ ఫిల్మా, గ్లాసిన్ అనే పలుచటి నున్నటి కాగితమా?

నాచారం_నైట్‌షిఫ్ట్:
మధ్యాహ్నం షిఫ్ట్‌ల ఎక్కువ అన్నా, తెల్లారుజామున తక్కువ. ఫిల్మ్ ప్లాస్టిక్‌దే. చేతిల పట్టుకుంటే ఒకదానికొకటి అతుక్కుంటున్నయ్.

చర్లపల్లి_ప్రింటర్:
ఇంకేముంది బ్రదర్, అది స్టాటిక్. మన హైదరాబాద్ ఏప్రిల్ ఎండల్లో మధ్యాహ్నం గాలిలో తేమ బాగా పడిపోతుంది, దానికి తోడు లేజర్ ప్రింటర్ వేడికి పేపర్‌లో ఉన్న కొంచెం తడి కూడా ఆవిరైపోయి ఉంటుంది, ఆ ఎండిపోయిన పేపర్ ప్లాస్టిక్ విండోకి, బెల్టుకి రాసుకుంటూ పోతుంటే చార్జ్ పుట్టక ఏం చేస్తుంది. కవర్ గోడ దాకా జారాల్సింది పోయి పక్కదానికి అతుక్కుని మధ్యలోనే ఆగిపోతుంది. మా దగ్గర రూమ్‌లో తేమ 45 నుంచి 55 శాతం మధ్య పెట్టుకుంటాం, మీటర్ గోడకి తగిలించి ఉంటుంది, ఫోన్‌లో వెదర్ చూసి కాదు.

ముందు ఎర్త్ చూడండి. పాత మెషీన్ ఊరు మారినప్పుడు ఎర్త్ వైరు సరిగ్గా బిగించకుండా వదిలేసిన చోట్లు చూశాను. తర్వాత స్టాకర్ మూతి దగ్గర యాంటీ స్టాటిక్ బ్రష్ ఒకటి, అది కూడా ఎర్త్‌కి కలిపి ఉండాలి. పేపర్ రీములు గోడౌన్ నుంచి తెచ్చిన వెంటనే చింపకండి, ఒక రోజు మెషీన్ రూమ్‌లోనే ప్యాకింగ్‌తో ఉంచి అప్పుడు విప్పండి.

వానాకాలం వచ్చాక కష్టం తిరగబడుతుంది, ఇది ఇప్పుడే చెప్తున్నా. అప్పుడు స్టాటిక్ పోతుంది గానీ గమ్ తడి త్వరగా ఆరదు, కవర్లు ఉబ్బుతాయి, అతికిన చోట పక్క కవర్‌కి అంటుకుంటాయి. పది రోజుల ట్రయల్ ఎండాకాలంలో చూసి కొంటే సగమే చూసినట్టు.

ఆర్ఎంఎస్_సార్టర్:
నేను రైల్వే మెయిల్ సర్వీసులో సార్టింగ్ చేసి రిటైర్ అయిన వాణ్ణి. ఆ నాలుగు కవర్ల గురించి నిద్రపట్టడం లేదని రాశారు బాబూ, అది చదివి నాకు చాలా సంతోషం వేసింది, ఈ పనికి కావలసిన మనిషి మీరు.

మేము గూళ్లలోకి ఉత్తరాలు వేసేముందు చేసే మొదటి పని ఫేసింగ్, అంటే అడ్రసులన్నీ ఒక వైపు, తలకిందులు లేకుండా సరిచెయ్యడం. అది సరిగ్గా లేకపోతే ఎంత చెయ్యి తిరిగిన సార్టరైనా తడబడతాడు. ముంబైలో 1993లో, చెన్నైలో 1996లో తపాలా శాఖ ఆటోమేటిక్ సార్టింగ్ మెషీన్లు పెట్టింది, తర్వాత ఢిల్లీ, కోల్‌కతాల్లో పెద్ద సెంటర్లు వచ్చాయి. అటువంటి మెషీన్లు గంటకు 30 వేల ఉత్తరాలు దాటి చదువుతాయి, చివర గూడులో దొంతర పాడైతే ఆ చదువంతా వృథా.

1972 ఆగస్టు 15న పిన్ కోడ్ వచ్చింది. మొదటి అంకె జోన్, మొదటి మూడూ కలిపితే సార్టింగ్ జిల్లా, చివరి మూడు డెలివరీ ఆఫీసు. మీ 500062, 500072 రెండింటికీ మొదటి మూడు ఒకటే కాబట్టి ఆ నాలుగు కవర్లు ఊరు దాటి పోవు, ఊళ్లోనే తప్పు ఆఫీసుకి వెళ్లి తిరిగి రావాలి, ఒకటి రెండు రోజులు ఆలస్యం. అయినా నోటీసుకి ఆఖరు తేదీ ఉంటే ఆ రెండు రోజులే ఒకరికి పెద్ద నష్టం. నా సలహా ఏమిటంటే పిన్ మారిన ప్రతిచోటా రంగు కాగితం చీటీ ఒకటి ట్రేలో పడేలా చెయ్యండి. జామ్ అయినప్పుడు చేతికొచ్చిన కవర్లను ఊహించి మధ్యలో దూర్చకండి, పక్కన విడి ట్రేలో వేసి చివర్లో మనిషి చదివి సర్దాలి.

కుషాయిగూడ_అక్క:
తమ్మీ, నేను నాలుగేండ్లు ఆ బెల్టు చివరనే నిలబడ్డ. సాయంత్రానికి మణికట్టు గుంజేది, వేళ్ల సందులల్ల పేపర్ కోతలు, నీళ్లు తగిల్తే మంట. ఆ తట్టుడు పని మెషీన్ చేస్తే మంచిదే అని నేనే అంటున్న. కాని తట్టేటప్పుడు మా కండ్లు ఊకె ఉండయ్. విండోల అడ్రస్ కిందికి జారిందా, మూత సరిగ్గ అంటిందా, చేతికి మందంగ తగిల్తే రెండు స్టేట్‌మెంట్లు ఒక్క కవర్లకు పోయినయా, ఇవన్నీ మేమే పట్టేది. ఒకరి బ్యాంకు లెక్క ఇంకొకరి ఇంటికి పోతే ఎంత ఘోరం చెప్పు. స్టాకర్ ఇవేం చూడదు, ఏదొస్తే అది నిలబెడ్తది. మా దగ్గర మెషీన్ వచ్చినంక నన్ను చెకింగ్‌ల పెట్టిర్రు, విడి ట్రే పని కూడా నాదే. మీ సేటుకు ఇట్లనే చెప్పు, ఒక వారం అక్కలు పట్టిన తప్పులు నోట్‌బుక్‌ల రాసి ఆయన ముంగట పెట్టు.

నాచారం_నైట్‌షిఫ్ట్:
అందరికీ మస్తు థ్యాంక్స్, నాలుగు రోజుల తర్వాత రాస్తున్న. ఆగర్ రబ్బరు బెల్టు అన్న చెప్పినట్టే అద్దం లెక్క ఉన్నది, తుడిచినం, కొత్తది తెచ్చిచ్చే బాధ్యత అమ్మేటాయనదే అని సేటు అన్నడు. ఎర్త్ వైరు ఒక దిక్కు ఊడి వేలాడుతుంది, ఎలక్ట్రీషియన్ వచ్చి కట్టిండు, బ్రష్ పెట్టినం. ప్యాడిల్ సగం నిండినంక సెట్ చేసిన. ఇప్పుడు 8 వేల దాక జామ్ లేదు, 9 వేలకు మధ్యాహ్నం ఇంక ఒకటి రెండు సార్లు ఆగుతుంది, నేను 8 వేల మీదనే ఉంచిన. పసుపు చీటీలు మొదలైనయ్, పెద్దాయనకు దండం.

నోట్‌బుక్ అక్కలే రాస్తున్నరు. మూడు షిఫ్ట్‌లల్ల 14 తప్పులు, అండ్ల రెండు డబుల్ స్టేట్‌మెంట్లు. సేటు ఆ పేజీ రెండుసార్లు చదివి ట్రయల్ జులై దాక పెంచమని అమ్మేటాయనకు ఫోన్ చేసిండు, అక్కలను చెకింగ్ టేబుల్‌కు మార్చమన్నడు. వానలు పడ్డంక గమ్ సంగతి ఎట్లుందో మళ్లీ ఇక్కడనే రాస్త.