లోన్ పైన్ కార్తీక వనభోజనాలు: వాలంటీర్ల చర్చ

కోఆర్డినేటర్, సోమవారం రాత్రి

అందరికీ నమస్కారం. ఈసారి మన ఊరి పార్కులో కాకుండా దూరం వెళ్దామని పోయిన మీటింగులో అనుకున్నాం కదా, కాలిఫోర్నియాలోనే ఇన్యో కౌంటీలో ఉన్న లోన్ పైన్ ఊరు ఖాయం చేశాం. నవంబరు మొదటి శని, ఆదివారాలు. లాస్ ఏంజెలెస్ నుంచి లోన్ పైన్‌కి సుమారు 210 మైళ్ళు. ఎక్కడా ఆగకపోతే మూడున్నర గంటలు. మనవాళ్ళు ఆగకుండా ఉండరు కాబట్టి ఐదు అనుకోండి.

కౌంటీ పదివేల చదరపు మైళ్ళకి పైనే ఉంటుంది. 2020 జనాభా లెక్కల్లో తేలిన మనుషులు 19 వేలు. అలాస్కా పక్కన పెడితే దేశంలో అన్నిటికన్నా ఎత్తైన మౌంట్ విట్నీ అక్కడే, 14,505 అడుగులు. సముద్రమట్టానికి 282 అడుగుల కింద, డెత్ వ్యాలీ ఎడారిలో ఉన్న బ్యాడ్‌వాటర్ కూడా ఆ కౌంటీలోదే.

నా డ్రాఫ్ట్ ప్లాన్: శనివారం డియాజ్ లేక్ దగ్గర భోజనాలు, సాయంత్రం అలబామా హిల్స్. ఆదివారం విట్నీ పోర్టల్ (కొండెక్కే దారి మొదలయ్యే చోటు), తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సంతతివాళ్ళని బంధించిన మంజనార్ శిబిరం ఒక అరగంట చూసుకుని వెనక్కి. డెత్ వ్యాలీ, వేల ఏళ్ళు బతికే బ్రిసిల్‌కోన్ పైన్ చెట్లు కూడా కలుపుదామని ఇద్దరు అడిగారు. అభిప్రాయాలు చెప్పండి.

వంటల బాధ్యురాలు, సోమవారం రాత్రి

ముందు భోజనాల సంగతి తేల్చండి. ఉసిరి చెట్టు లేకుండా వనభోజనమేమిటని మా అత్తగారు ఇప్పటికే మొదలుపెట్టారు. మా పెరట్లో కుండీలో మోకాలెత్తు మొక్క ఉంది, వ్యాన్‌లో పెట్టి తెస్తాను. నీడ మనకి ఇవ్వదుగానీ దాని పక్కన కూర్చుని తిన్నామన్న తృప్తి ఉంటుంది.

డియాజ్ లేక్ కౌంటీ వాళ్ళ పార్కే కదా? గుంపుకి బుకింగ్ ఎలాగో, గ్యాస్ స్టవ్ వెలిగించనిస్తారో లేదో ఈ వారమే ఫోన్ చేసి ఎవరైనా కనుక్కోండి. ఒప్పుకోకపోతే పులిహోర, దద్దోజనం, గారెలు ఇక్కడినుంచే వండి తీసుకెళ్తాం. సాంబారుకి మాత్రం స్టవ్ కావాల్సిందే.

యువజన విభాగం, సోమవారం రాత్రి

ఫోన్ నేను చేస్తాను అక్కా. ఆ చెరువు ఎలా పుట్టిందో తెలుసా? 1872 మార్చిలో వచ్చిన భూకంపానికి నేల కుంగి నీళ్ళు చేరాయట. ఆ రాత్రి లోన్ పైన్‌లో 27 మంది చనిపోయారు. ఊళ్ళో ఇటుక, మట్టి ఇళ్ళు దాదాపు అన్నీ పడిపోయాయి.

అలబామా హిల్స్ సాయంత్రానికి నాదీ భరోసా. గుండ్రటి గ్రానైట్ బండలు ఒకదానిమీద ఒకటి, అచ్చం మన గద్వాల దారిలో గుట్టల్లాగే ఉంటాయి. వెనక మంచుకొండలు ఉండబట్టి సరిపోయిందిగానీ లేకపోతే ఊరెళ్ళినట్టే. 1939లో హాలీవుడ్ ‘గంగా దిన్’ సినిమాకి వాయవ్య సరిహద్దు భారతదేశాన్ని ఇక్కడే చూపించింది, ‘ఐరన్ మ్యాన్’ అఫ్గానిస్తాన్ కూడా ఇదే. మోబియస్ ఆర్చ్ అనే రాతి తోరణం దాకా చిన్న నడకే, పిల్లలు హాయిగా వెళ్తారు.

పాత సభ్యుడు, మంగళవారం ఉదయం

కోఆర్డినేటర్ తమ్ముడూ, మంజనార్‌కి అరగంట అంటే ఒప్పుకోను. నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి మీలాగే అరగంట పెట్టుకుని గేటు దగ్గర ఫోటో దిగి వచ్చేశాను. ఆ సిగ్గు రెండోసారి వెళ్ళేదాకా పోలేదు.

1942లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆర్డర్ మీద పశ్చిమ తీరంలోని జపాన్ సంతతివాళ్ళని ఇళ్ళలోంచి లేపి పది శిబిరాల్లో పెట్టారు. వాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే పుట్టిన అమెరికా పౌరులు. మంజనార్‌లో ఒక దశలో పదివేలకు పైగా ఉన్నారు. ఇరవై అడుగుల వెడల్పు, పాతిక అడుగుల పొడవున్న గదికి ఎనిమిదిమంది లెక్క. మరుగుదొడ్ల మధ్య అడ్డుగోడలు లేవు. మూడు పూటలా తిండికి క్యూ. అలాంటి చోట కూడా వాళ్ళు రాళ్ళు పేర్చి, నీళ్ళు పారించి తోటలు వేసుకున్నారు. ఇసుకలో పూడిపోయిన ఆ తోటల్ని తవ్వి బయటికి తీశారు, ఇప్పుడు చూడొచ్చు. టోయో మియాటకే అనే ఫోటోగ్రాఫర్ ఒక లెన్స్ దాచి లోపలికి తెచ్చుకుని, చెక్కపెట్టెతో కెమెరా చేయించుకున్నాడు. శ్మశానంలో 1943లో కట్టిన తెల్లటి స్తంభం ఉంది, ఆత్మలకి శాంతి అని దాని మీది అక్షరాల అర్థం. జనం కాగితపు కొంగలు కట్టి వెళ్తుంటారు.

ఇంకో మాట. ‘మంజనార్’ అంటే స్పానిష్‌లో ఆపిల్ తోట. మొదట ఆ ఓవెన్స్ లోయ అమెరికా మూలవాసులైన పాయూట్ తెగవాళ్ళది. కాలువలు తవ్వి నేల తడుపుకున్నవాళ్ళు వాళ్ళే. 1863లో సైన్యం వాళ్ళని నడిపించి ఫోర్ట్ టెహోన్‌కి తోలేసింది. తర్వాత వచ్చిన తోటల రైతుల దగ్గర 1920లలో లాస్ ఏంజెలెస్ నగరం భూమీ నీళ్ళూ కొనేసింది. లోయ నీళ్ళు నగరానికి తీసుకెళ్ళే కాలువ 1913లోనే తెరిచారు, 233 మైళ్ళు. ఓవెన్స్ సరస్సు ఎండిపోయింది. రోజూ మనం పప్పు కడిగే కుళాయిలోకి ఆ లోయ నీళ్ళు కూడా వస్తాయి. రెండుసార్లు ఖాళీ చేయించిన నేల మీదికి మూడోసారి జనాన్ని బలవంతంగా తెచ్చి పెట్టారు.

శనివారం ఉదయం, ఒళ్ళు అలవకముందే అక్కడికి వెళ్దాం. రెండున్నర గంటలు పెట్టండి.

పిల్లల కార్యక్రమాలు, మంగళవారం మధ్యాహ్నం

బాబాయిగారూ, మీ మాట కాదనడం లేదు. కానీ పండగ భోజనానికి ముందు ఆరేళ్ళ పిల్లలకి జైలు చూపించాలా? మా చిన్నది రాత్రంతా అడుగుతూనే ఉంటుంది, మనల్ని కూడా అలా పెడతారా అని.

పాత సభ్యుడు, మంగళవారం సాయంత్రం

అడగనివ్వమ్మా. మనకీ కొంచెం అంటుకున్న కథే. 1913 నాటి కాలిఫోర్నియా చట్టం జపాన్ వాళ్ళతోపాటు మన పంజాబీ రైతుల్ని కూడా భూమి కొననివ్వలేదు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులకి పౌరసత్వం లేదంది. 1946 దాకా అదే పరిస్థితి. ఆ శిబిరాలు తప్పేనని 1988లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికీ 20 వేల డాలర్లు ఇచ్చింది, అది కూడా పిల్లకి చెప్పు. అక్కడ జూనియర్ రేంజర్ పుస్తకం ఇస్తారు, పూర్తిచేస్తే బ్యాడ్జీ. మా మనవడు ఇప్పటికీ దాన్ని బ్యాగుకి పెట్టుకుని తిరుగుతాడు.

పిల్లల కార్యక్రమాలు, మంగళవారం రాత్రి

సరే బాబాయిగారూ. చిన్నపిల్లలతో పుస్తకం పని నేను చూసుకుంటాను. బస్సులో అంతాక్షరి మాత్రం మంజనార్ అయ్యాకే మొదలుపెడదాం.

రవాణా, బుధవారం ఉదయం

నా వైపు నుంచి కొన్ని. దారిలో మొహావే ఊళ్ళో అందరూ పెట్రోలు నింపించుకోండి. 395 హైవే మీద ఫోన్ సిగ్నల్ మధ్యమధ్య పోతుంది, మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఆదివారం తెల్లవారుజామున గడియారం గంట వెనక్కి వెళ్తుంది. అంటే మనకి గంట నిద్ర లాభం, సాయంత్రం మాత్రం ఐదు కాకముందే పొద్దు గూకుతుంది. తూర్పుముఖం కాబట్టి విట్నీ అందం పొద్దున్నే చూడాలి. సూర్యుడు పైకి రాకముందే శిఖరం గులాబీ రంగుకి తిరుగుతుంది.

విట్నీ పోర్టల్ రోడ్డు మంచు పడితే మూసేస్తారు, ముందురోజు చూసుకుని వెళ్దాం. ఎత్తు 8,360 అడుగులు. అక్కడ ఎలుగుబంట్లు కారు అద్దాలు పగలగొడతాయి. మిగిలిన పులిహోర డబ్బా డిక్కీలో దాచేశాం కదా అనుకోకండి, అక్కడ ఇనుప పెట్టెలు ఉంటాయి, తిండి వాటిలోనే పెట్టాలి. పోయినేడాది ఒక హోటల్లో మన బుకింగ్ సగం గాయబ్ అయింది గుర్తుందా? ఈసారి ప్రతి గదికీ కన్ఫర్మేషన్ నంబరు నా షీట్‌లో పడాలి.

కోఆర్డినేటర్, గురువారం రాత్రి

అన్నీ చదివాను. మార్చిన ప్లాన్ ఇది. శనివారం తెల్లవారి ఐదింటికి బయల్దేరి పదింటికి మంజనార్. ఒంటిగంటకి డియాజ్ లేక్‌లో భోజనాలు. నాలుగింటికి అలబామా హిల్స్, చీకటి పడ్డాక హోటళ్ళకి. ఆదివారం పొద్దున విట్నీ చూపు, రోడ్డు తెరిచి ఉంటే పోర్టల్, పన్నెండింటికి తిరుగు ప్రయాణం.

డెత్ వ్యాలీ తీసేశాం, లోన్ పైన్ నుంచి అక్కడి ఫర్నేస్ క్రీక్‌కి ఒక్కో వైపే రెండు గంటలు. బ్రిసిల్‌కోన్ అడవి వదులుకోవడం నాకూ బాధే, 4,800 ఏళ్ళు దాటిన చెట్టుంది అక్కడ. కానీ పదివేల అడుగుల ఎత్తుకి డెబ్భై దాటినవాళ్ళని ఆదరాబాదరాగా ఎక్కించను. ఎండాకాలంలో చిన్న బ్యాచ్‌తో వెళ్దాం.

కార్తీక దీపాలు చెరువులో వదలొద్దు. ఒడ్డున ఇత్తడి పళ్ళెంలో వెలిగించి, ఆర్పి, వత్తులతో సహా వెనక్కి తెచ్చుకుంటాం. అలబామా హిల్స్‌కి గుంపుగా వెళ్ళడానికి అనుమతి కావాలేమో బిషప్ ఊళ్ళోని ప్రభుత్వ భూముల శాఖ (BLM) ఆఫీసులో అడగడం యువజన విభాగం పని.

వంటల బాధ్యురాలు, గురువారం రాత్రి

స్టవ్ సంగతి తేలిందా? ఆ లోయలో గాలి గట్టిగా కొడుతుంది. విస్తరాకులు ఎగిరిపోతాయి, బరువుండే కంచాలు ఎవరింట్లో ఉన్నాయో చెప్పండి. నా దగ్గర ముప్ఫై ఉన్నాయి, ఇంకో యాభై కావాలి.